ఆస్పత్రి కూలుతుంటే పంక్తి భోజనం

ఎవరైనా పనసపొట్టు కూర వడ్డించబోతే ఇప్పటికీ విస్తరికి చెయ్యి అడ్డం పెడతాను. ఎందుకని అడిగితే ఒళ్ళు మండుతుంది. అయినా చెబుతాను.

రాజోలు దగ్గర మా ఊళ్ళో దొరల కాలంలో కట్టిన ఆస్పత్రి ఒకటి ఉండేది. సున్నపు గోడలు, ఎత్తయిన కప్పు, చుట్టూ వరండా. నా నర్సు ఉద్యోగమంతా అందులోనే గడిచింది. కొత్త ఆస్పత్రి బైపాసు మీదికి వెళ్ళిపోయాక పాతదానికి తాళం వేశారు. వరండా నిండా గబ్బిలాలు, కప్పు మీద రావిమొక్కలు. గోడలు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి. దాన్ని పడగొట్టి దుకాణాల కాంప్లెక్సు కడతారని తెలిసిన రోజున నాకు అన్నం సయించలేదు.

"బాగుచేయించి మళ్ళీ పురుళ్ళ వార్డు పెట్టిద్దాం. నొప్పులు పడుతూ ఆటోలో అమలాపురం దాకా పోయే బాధ తప్పుతుంది" అని ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకి చెప్పాను. నా మాట మీద, అచ్చంగా నా మాట మీద, కూలి మానుకుని వచ్చారు వాళ్ళు. గేటు ముందు తాటాకు పందిరి వేసుకుని వంతులవారీగా కాపలా కూర్చున్నారు. నాతో పాటు ఆ వార్డులో పనిచేసిన ఆయమ్మ అయితే ఇంటికి వెళ్ళడమే మానేసింది. మనుషులు అడ్డంగా కూర్చుంటే మెషిన్లు లోపలికి రావని మా ధీమా.

మా అందరికీ పెద్దదిక్కు కొబ్బరి వ్యాపారం చేసే ఒక బాబాయిగారు. చుట్టరికం ఏమీ లేదు, ఊరంతా అలాగే పిలుస్తుంది. తాటాకులు ఆయనవే, మైకు ఆయనదే. "ఈ గోడలు పడాలంటే ముందు నేను పడాలమ్మా" అన్నప్పుడు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తండ్రిలాంటివాడనుకున్నాను. ఎంత వెర్రిదాన్నండీ!

ఒక సాయంత్రం ఆయన పందిరి దగ్గరికి వచ్చాడు. "రేపు పెద్దాఫీసరుగారు బిల్డింగు చూడ్డానికి వస్తున్నారమ్మా. ముందు మా ఇంట్లో భోంచేసి ఇటొస్తారు. ఆడవాళ్ళందర్నీ తీసుకొచ్చెయ్యి. మన గోడు ఆయనకి తెలియాలి కదా."

ఆయమ్మ గొణిగింది. "అందరం ఎల్లిపోతే ఇక్కడెవరుంటారండీ?"

"ఇంటికొచ్చిన పెద్దమనిషి ఒక్కరే కూర్చుని తింటే ఊరి పరువేం కావాలి? ఇలా వెళ్ళి అలా వచ్చేద్దురు" అన్నాడు.

మావాళ్ళు దేనికైనా ఎదురు చెబుతారు గానీ మర్యాదకి ఎదురు చెప్పరు. మర్నాడు నేనే అందర్నీ బయలుదేరదీశాను.

పంక్తి భోజనమంటే మా వైపు ఒక కట్టుబాటు. కూర్చున్నాక, పెద్దవాళ్ళు మజ్జిగన్నం తిని లేచేవరకూ ఎవరూ లేవకూడదు. ఆఫీసరుగారి పంక్తిలోనే మమ్మల్నీ కూర్చోబెట్టాడు. మురిసిపోయాం. పనసపొట్టు కూర బాబాయిగారే కొసరి కొసరి వడ్డించాడు. "సిగ్గుపడకండమ్మా, సుష్టుగా తినండి" అంటూ ప్రతి విస్తరి దగ్గరా ఆగాడు.

ముక్కల పులుసు వడ్డిస్తుండగా ఆయమ్మ సెల్లు మోగింది. ఆటో నడిపే అల్లుడు. ఫోను చెవి దగ్గరే ఉంచుకుని ఆవిడ నా వైపు చూసింది.

"పొక్లెయినొచ్చిందంటండీ. వరండా పడిపోయిందంటండీ."

దిగ్గున లేవబోయాను. బాబాయిగారు పులుసు గిన్నెతో ఎదురుగా నిలబడ్డాడు. "పంక్తిలోంచి లేస్తే ఆఫీసరుగారికి అవమానమమ్మా. భోజనం కానియ్యి. నేను మనిషిని పంపించేనుగా."

ఆ మాటకి లేచినవాళ్ళలో సగం మంది మళ్ళీ కూర్చున్నారు. అదండీ మా రోగం! నేను ఎంగిలి చేత్తోనే పరుగెత్తాను. నా వెనకాల ఆయమ్మ.

మేం వెళ్ళేసరికి పురుళ్ళ వార్డు లేదు. మా పందిరి తుక్కుతుక్కయి పడి ఉంది. మెషిను నడిపేవాడు నన్ను చూసి కిందికి దిగి చేతులు జోడించాడు.

"నన్ను తిట్టకండమ్మా. భోజనాల టైముకి రమ్మన్నారండి, ఎవరూ ఉండరని."

"ఎవరన్నారు?"

"మీ పెద్దాయనేనండి. కాంప్లెక్సులో ఆయనకీ వాటా ఉంది కదండీ."

కాసేపటికి ఆయన కారు దిగాడు. అంతా తెలిసిపోయిందని నా మొహం చూడగానే గ్రహించాడు. దాచుకోవాలని కూడా చూడలేదు.

"కోపం తెచ్చుకోకమ్మా. ఎప్పటికైనా పడిపోయేదే. మీలో ఎవరికీ దెబ్బ తగలకూడదనే అందర్నీ భోజనానికి పిలిచేను. మజ్జిగన్నం తినకుండా వచ్చేసేవు, అదే నాకు బాధగా ఉంది."

"ఛీ! అన్నం పెట్టి మరీ గొంతు కోశారు కదండీ! మీ ఇంట్లో తిన్న ప్రతి మెతుకూ కక్కేయాలని ఉంది" అని అరిచాను. అంత కోపంలోనూ ఆయన్ని 'అండీ' అన్నాను చూడండి, దానికి నామీద నాకే అసహ్యం వేసింది.

తక్కిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆ ఇటుకల గుట్టని చూశారు. ఏడవలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. తలలు వంచుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. తిట్టినా బాగుండేది.

చివరికి రోడ్డు మీద నేనూ ఆయమ్మా మిగిలాం. ఎన్నేళ్ళు ఒకే వార్డులో పక్కపక్కన నిలబడి బిడ్డల్ని అందుకున్నామో మేం. ఆవిడ నేలచూపులు చూస్తూ అడిగింది.

"సిస్టరుగారూ, మీకు ముందే తెలుసాండీ?"

"నాకేం తెలుసు ఆయమ్మా! నేనూ నీ పక్కనే కూర్చుని తిన్నాను కదా!"

"ఆయ్" అంది.

ఆటో వచ్చింది. ఎక్కి, పక్కకి జరిగి చోటిచ్చాను.

"మీరెల్లండి. నేను ఎనకాలొచ్చేదాంట్లో వస్తాను."

వెనక్కి తిరిగి చూశాను. కనుచూపు మేరలో ఇంకో ఆటో లేదు.