రెండో భాగంలో పాము

నాకు జీతం ఇచ్చేదే అనుమానించడానికి. రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తాను. రైతులు సీసాలో గుంట నీళ్లు నింపుకొని, ప్లాస్టిక్ కవర్లో నాలుగు రొయ్యలు వేసుకొని వచ్చి, "మేత ఎక్కువ వెయ్యలా మేడం, అంతా మీరు చెప్పినట్టే చేస్తుండా" అంటారు. నేను తల ఊపి సీసా మూత తీస్తాను. మేత ఎక్కువైందో లేదో ఆ నీళ్లే చెబుతాయి. మనిషి మాట విని నీళ్లను వదిలేసిన రోజు నా ఉద్యోగంలో ఒక్కటీ లేదు. ఈ బుద్ధిని తెల్లకోటుతో పాటు ల్యాబులోనే తగిలించి రమ్మంటాడు మా ఆయన. కోటు విప్పడం తేలికే. బుద్ధి మాత్రం నాతోపాటు బస్సెక్కి ఇంటికి వస్తుంది.

ఆయన పని కృష్ణపట్నంలో, థర్మల్ ప్లాంటులో బొగ్గు మోసే బెల్టుల దగ్గర. నైట్ షిఫ్టు వారాల్లో పొద్దున్నే కంపెనీ బస్సు దిగి, స్నానం చేసి, ఇడ్లీ తిని పడుకుంటాడు. నేను ల్యాబుకు పోతాను. పగలంతా ఇల్లు ఆయనది. పెళ్లికి ముందు మా నాన్న బిట్రగుంట నుంచి వెళ్లి విచారించి, అబ్బాయి తాగడు, పేకాడడు అని తేల్చుకొని వచ్చాడు. వీడియో గేములు ఆడతాడా అని అడగాలని పాపం ఆయనకు తోచలేదు.

మొదటిసారి నేను నెల తప్పినప్పుడు మా అత్త చిల్లకూరు నుంచి మూటాముల్లెతో దిగింది. దిగీదిగగానే కొడుకును కూర్చోబెట్టి చెప్పాల్సినవన్నీ చెప్పింది. పెళ్లాం కడుపుతో ఉన్నన్నాళ్లు మగవాడు కొబ్బరికాయ కొట్టకూడదు, శవాన్ని మోయకూడదు, సముద్రంలో మునగకూడదు, పామును చంపకూడదు. అన్నిటికీ ఆయన "సరేమా" అన్నాడు. మేముండేది మేడ మీద అద్దె ఇల్లు. పాములు అన్ని మెట్లెక్కి రావు గనుక ఆ చివరిదాన్ని మేమిద్దరం లెక్కలోకే తీసుకోలేదు.

అప్పట్లో ఆయన గ్రీకుల పురాణ కథతో చేసిన ఒక గేము ఆడుతుండేవాడు. అందులో ఒక కుర్రాడు చనిపోయిన తల్లిని వెనక్కి తెచ్చుకోవడానికి కత్తి పట్టుకొని పాతాళానికి దిగుతాడు. సగం దారిలో బోలెడన్ని తలల పాము ఉంటుంది. ఒక తల నరికితే రెండు మొలుస్తాయి. నరికిన చోటల్లా వెంటనే కాగడాతో కాల్చాలి. కుర్రాడు చచ్చిపోతే మళ్లీ మొదటినుంచి రావాలి. ఆయన చాలా రోజులు అట్లా చస్తూ వస్తూ ఉన్నాడు. ఒక సాయంత్రం మా అత్త చింతచిగురు ఏరుతూ టీవీ వైపు చూసింది.

"ఏందిరా అది?"

"గేమ్మా."

"పాము గదరా! ఆపు అబ్బయా. పామును కొట్టగూడదని చెప్పలా నీకు?"

"అమ్మా, అది బొమ్మమా."

"బొమ్మయితే ఏమి, కొట్టే చెయ్యి నీదే గదా."

ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ సాయంత్రమే పాము చచ్చింది. ఆయన సోఫా మీదినుంచి దూకిన దూకుడుకు కింది ఇంటివాళ్లు ఏమైందోనని పైకి వచ్చారు.

ఆ వారం తిరక్కుండానే మాకు బిడ్డ పోయింది.

డాక్టరమ్మ నన్ను గదిలో కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. మొదటి నెలల్లో చాలామందికి ఇట్లా జరుగుతుందని, బిడ్డ ఎదుగుదలలోనే ఏదో లోపం ఉండి ఉంటుందని, ఇందులో ఎవరి తప్పూ లేదని. సూక్ష్మదర్శిని ముందు కూర్చునే ఉద్యోగం నాది, ఆ మాట నాకు అర్థమైంది. ఇంటికి వచ్చాక మా అత్త పాము ఊసే ఎత్తలేదు. ఒక్క మాట అని ఉంటే గొడవపడి తేల్చుకునేదాన్ని. వేడినీళ్లు కాచి పోసింది, పథ్యం వండి పెట్టింది, ఊరికి వెళ్లిపోయింది. మా ఆయన గేమ్ బాక్సును అల్మరా పైకి ఎక్కించేశాడు. ఆయనా ఏమీ అనలేదు. ఎవరు ఎవరిని ఏమనుకుంటున్నారో తెలియక నేను ఆ ఇద్దరి నోళ్ల వైపూ చూస్తూ ఉండేదాన్ని. పాము మీద నాకు నమ్మకం లేదు. కానీ ఆ రోజు ఆయన నవ్విన నవ్వు మాత్రం చెవిలోంచి పోలేదు.

రెండేళ్లకు మళ్లీ నెల తప్పింది. నాలుగో నెల నడుస్తుండగా ఆ గేముకు రెండో భాగం వచ్చింది.

అది వస్తోందని నాకు ముందే తెలుసు. బస్సులో ఆయన ఫోనులో ప్రకటన చూస్తుంటే భుజం మీదుగా నేనూ చూశాను. ఈసారి పాతాళానికి దిగేది ఆ కుర్రాడి చెల్లెలు. అన్న నరికిన తలలు నేలలో పడి, పెరిగి, ఒక్కటైపోయి, మొదటిదానికంటే పెద్ద పాముగా ఇత్తడి తలుపుకు అడ్డంగా పడుకొని ఉన్నాయి. చచ్చిందనుకున్నది వచ్చి మళ్లీ దారి కాస్తోందన్నమాట. ఈ కథ అల్లినవాళ్లు ఏ దేశంవాళ్లో గానీ, మా ఇంటి సంగతి వాళ్లదాకా ఎట్లా పోయిందా అని కూడా అనుమానించాను.

ఒక ఆదివారం చూస్తే గేమ్ బాక్సు అల్మరా మీద లేదు. టీవీ కింద ఉంది.

"రెండోది కొన్నావా?" అన్నాను.

"కొన్నా. ఇప్పుడు ఆడన్లే. కాన్పయినాక ఆడతా."

"కాన్పయినాక ఆడేదానికి ఇప్పుడెందుకయ్యా కిందికి దించినావు?"

"పైన దుమ్ము పడతా ఉంది."

అల్మరా మీద పడే దుమ్ము టీవీ కింద పడదా? నేను రెట్టించలేదు. రైతులు అబద్ధం చెబుతున్నప్పుడు కూడా రెట్టించను, సీసా అందుకుంటాను, అంతే.

మర్నాటి నుంచి ఇంట్లోనే నా పరీక్షలు మొదలయ్యాయి. సాయంత్రం రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా ఏదో వంకతో టీవీ పక్కకు వెళ్లి బాక్సు మీద చెయ్యి పెట్టేదాన్ని. వెచ్చగా ఉండేది. పొద్దున కంట్రోలర్‌ను తలుపు వైపు తిప్పి పెట్టిపోతే సాయంత్రానికి కిటికీ వైపు తిరిగి ఉండేది. పక్క మీద నేను మడిచి పెట్టిన దుప్పటి మడిచినట్టే ఉండేది. "నిద్రపోయినావా?" అంటే, కళ్లు చింతనిప్పుల్లా పెట్టుకొని "పోయినా" అనేవాడు.

ఒకరోజు అన్నం వడ్డిస్తూ ఏమీ ఎరగనట్టు అడిగాను. "అయినా ఆ పాతాళంలో ఏముంటుందయ్యా? మన ఊర్ల మాదిరి పొలాలు, కాలవలు ఏమన్నా ఉంటాయా?"

"పొలాలుంటాయి, అన్నీ బూడిద రంగులో..." అని ఆగిపోయి, "అట్టని ఎవరో చెప్పినారు" అని మజ్జిగ పోసుకున్నాడు. కూర ఇంకా వేయనేలేదు.

అడిగేయొచ్చు కదా అనుకుంటారు. ఏమని అడగాలి? పామును చంపావా అని అడిగితే ఆ పట్టింపు నేనూ నమ్ముతున్నట్టే. నమ్ముతున్నానంటే, పోయినసారి బిడ్డను పోగొట్టింది ఆయనే అవుతాడు. అక్కడికి వచ్చేసరికి ఆలోచన ఆపేసి కూరలో ఉప్పు వేసేదాన్ని, ఒక్కోసారి వేసిందే మళ్లీ వేసేదాన్ని. మా అత్త చిల్లకూరు నుంచి ఫోన్ చేసి, "వాడు ఎట్టుండాడు? మాట వింటుండాడా?" అనేది. ఏ మాట అని నేను అడగలేదు. రెండో భాగం సంగతి ఆమెకు కూడా తెలిసిపోయిందేమోనని ఇంకో అనుమానం.

ఆయన తిండి తగ్గించేశాడు. ఆపేసి ఉన్న టీవీ వైపు చూస్తూ కూర్చునేవాడు. చంపేశాడు, చంపేసి ఇప్పుడేమవుతుందోనని చూస్తున్నాడు అనుకున్నాను. అంత కోపం నాకు ఎవరి మీదా ఎప్పుడూ రాలేదు. కట్టుకున్న మనిషి ఒక ఆట కోసం నా బిడ్డను పందెంలో పెట్టాడని నిజంగానే నమ్మాను.

ఐదో నెల దాటాక కడుపులో కదలికలు బాగా తెలుస్తుండేవి. ఒకరోజు పొద్దున్నుంచీ కదలిక లేదు. టిఫిను తిన్నా లేదు. ల్యాబులో చల్లటి నీళ్లు తాగి, బల్ల మీద పక్కకు ఒత్తిగిలి పడుకున్నా లేదు. వెంటనే ఆస్పత్రికి పోవాలి, అది ఎవరికైనా తెలిసిన సంగతే. నేను ఆటో ఎక్కి ఇంటికి పొమ్మన్నాను. ముందు ఆయన్ను నిలదీయాలి, పామును చంపావా లేదా అని. అప్పుడు కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు గోడ పట్టుకొని నడుస్తోంది కాబట్టి ఇదంతా స్థిమితంగా రాస్తున్నాను. ఆ ఆటోలో మాత్రం నాకు ఇంకో ఆలోచన లేదు.

మెట్లెక్కుతుండగానే టీవీలోంచి డప్పుల మోత వినిపించింది. తలుపు దగ్గరగా వేసి ఉంది, తోశాను. ఆయనకు వినపడలేదు. బనీనుతో నేల మీద కూర్చొని ఆడుతున్నాడు. టీవీలో ఆ కుర్రాడి చెల్లెలు బల్లెం పట్టుకొని బూడిద రంగు పొలాలకు అడ్డంపడి పరుగెత్తుతోంది. ఎవరెవరో మీద పడుతున్నారు, ఆయన వేళ్లు వాళ్లను పడగొడుతూనే ఉన్నాయి. చివరికి పిల్ల ఇత్తడి తలుపు దగ్గరికి వచ్చింది. అక్కడ పాము, గుంట గట్టంత లావున, అడ్డంగా. నేను గుమ్మం పట్టుకున్నాను. ఆపమని అరవబోయాను.

ఆయన కంట్రోలర్ నేల మీద పెట్టేశాడు.

పిల్ల బల్లెం దించి నిలబడింది. పాము నిద్రపోతోంది, దాని ఒళ్లు పొంగుతూ తగ్గుతూ ఉంది. ఆయన మోకాళ్లు కావలించుకొని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి లేచి బాక్సు ఆపేసి, ఇటు తిరిగి నన్ను చూశాడు.

"చంపలా," అన్నాడు, నేను నోరు తెరవకముందే. "దేవుడి తోడు, చంపలా."

"మరి రోజూ ఎందుకయ్యా ఆడేది?"

నేను కదలకుండా నిలబడేసరికి చెప్పాడు. "బతికుండాదా లేదా అని చూసుకుంటుండా. రోజూ ఒకసారి పోయి చూసొస్తే గానీ నాకు నిద్ర పట్టట్లా."

"నువ్వు చంపకపోతే అదెట్ట చస్తాది?"

"తెలీదు మే. అది బతికున్నంత కాలం మన బిడ్డకేం కాదని అనిపిస్తాది. పోయినసారి బిడ్డను నేనే గదా చంపుకుంది. అమ్మ వద్దంటా ఉంటే నవ్వినా."

"అది ఎవరి తప్పూ కాదని డాక్టరమ్మ చెప్పింది గదా!"

"నీకు చెప్పింది. నన్ను లోపలికి రానియ్యలా."

"నేను వచ్చి చెప్పలా?"

"చెప్పలా. బయటికొచ్చి ఆటో పిలవమన్నావు."

నిజమే. ఆటో పిలవమన్నాను. ఆ తర్వాత రెండేళ్లు నేను ఆయన నోటి వైపు చూస్తూ గడిపితే, ఆయన నా నోటి వైపు చూస్తూ గడిపాడు.

"పొద్దున్నుంచీ బిడ్డ కదలట్లా," అన్నాను.

చొక్కా ఎట్లా తొడుక్కున్నాడో, నన్ను ఎట్లా దించాడో తెలియదు. ఆటో ఇంకా కిందే ఉంది. నెల్లూరు దాకా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకొని కూర్చున్నాం.

స్కానింగ్ గది తలుపు మీద మగవాళ్లు లోపలికి రాకూడదని రాసి ఉంది. ఆయన అలవాటు ప్రకారం అక్కడే ఆగిపోయాడు. నేను మణికట్టు పట్టుకొని లోపలికి లాగాను. నర్సు గొంతు పెంచింది. నేను అంతకంటే పెంచాను. డాక్టరమ్మ ఇద్దరినీ ఊరుకోమని, నా పొట్ట మీద చల్లటి జెల్ రాసి యంత్రం ఆనించింది. గది నిండా టకటకమని గుండె చప్పుడు.

"నిద్రపోతోందమ్మా మీ బిడ్డ. బాగుంది," అంది.

నేను బల్ల మీదినుంచి లేవలేదు. "డాక్టరమ్మా, పోయినసారి బిడ్డ పోయినప్పుడు నాకు చెప్పిన మాట ఈయనకు కూడా చెప్పండి" అన్నాను. ఎంతమందిని చూస్తుందో, ఆమెకు మేము గుర్తులేము. ఆ మాట ఏమిటో నేనే గుర్తుచేశాను. ఆమె కళ్లజోడు తీసి ఆయన వైపు తిరిగింది.

"అది మీ తప్పు కాదయ్యా. ఆమె తప్పూ కాదు. మీరు ఏం చేసినా, ఏం చేయకపోయినా అది ఆగేది కాదు."

"సరే మేడం," అన్నాడు ఆయన, షిఫ్టు ఇన్‌చార్జికి చెప్పినట్టు. దణ్ణం పెట్టి బయటికి నడిచాడు.

నేను చీర సర్దుకొని వచ్చేసరికి వరండాలో బెంచీ మీద కూర్చొని ఏడుస్తున్నాడు. మనిషంతా కదిలిపోయేలా, చుట్టూ జనం ఉన్నారన్న ధ్యాస లేకుండా. కూతుర్ని చూపించడానికి వచ్చిన ఒక ముసలావిడ పక్కన చేరి ఆయన తల మీద చెయ్యి వేసింది.

"ఊరుకో నాయనా. చిన్నోళ్లు మీరు. మళ్లీ పుడతారు బిడ్డలు."

"ఈ బిడ్డ బాగానే ఉండాది అవ్వా," అన్నాను. "ఆయన ఏడుస్తుండేది పోయిన బిడ్డకు."

"ఎప్పుడు పోయింది తల్లీ?"

"రెండేళ్లయింది."

అవ్వ చెయ్యి తియ్యలేదు. "అయితే ఏడవనీ," అంది. కొంచెం జరిగి నాకు కూడా చోటిచ్చింది.