ఐసుపెట్టె, త్రిత్వం, నా డిగ్రీ

పాసయ్యానండీ! బి.ఏ. పాసయ్యాను, అదీ తత్వశాస్త్రంలో, యాభై ఎనిమిదో ఏట, మా వంశంలో అందరికంటే ముందు. పొద్దున గిలకలదిండి రేవులో చేపల వేలంపాట ముగిసి గంప సర్దుకుంటూంటే మనవరాలు ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చి, తర్కం పేపరులోనే అన్నిటికంటే ఎక్కువ మార్కులొచ్చాయని చెప్పింది. నవ్వొచ్చింది. ఒకప్పుడు నా చదువు ఆగింది ఆ తర్కంవల్లే కదా!

నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో పదో తరగతి లెక్కలు మా పేటలో ఎవరికీ ఒక పట్టాన కొరుకుడు పడేవి కావు. మేం హిందువులమే అయినా, ప్రార్థన మందిరం అరుగు మీద పాస్టరు అయ్యగారు సాయంత్రాలు పిల్లలందరికీ లెక్కలు చెప్తారంటే నాన్న నన్నూ పంపేవాడు. లెక్కలు తప్పితే మాత్రం అమ్మతోపాటు చేపల గంప ఎత్తుకోవాల్సిందేనని ముందే చెప్పాడు. కాబట్టి ఆ అరుగు మీద జానెడు చోటు పోతే నా చదువు పోయినట్టే.

లెక్కలయ్యాక అయ్యగారు కాసేపు దేవుడి సంగతులు మాట్లాడేవారు. తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు, పరిశుద్ధాత్మ దేవుడు, ముగ్గురూ వేరువేరు, దేవుడు మాత్రం ఒక్కడే అని ఆయన అన్న రోజున, ఇందాకటిదాకా కూడికలో ఒక్క అంకె తేడా వస్తే మొట్టికాయ వేసిన మనిషి ఇలా అంటారేమిటని నాకు అన్నం సయించలేదు. ఇంట్లో చెబితే, చిరిగిన వల బాగుచేస్తున్న నాన్న తలెత్తకుండానే, మన త్రిమూర్తుల్ని కూడా ఇలాగే నిలదీస్తావా అన్నాడు. నిలదీస్తానన్నాను.

మర్నాడు అయ్యగారినే అడిగాను. కోప్పడకపోగా మురిసిపోయారు. ఐసుగడ్డల మధ్య పెరిగిన పిల్లలం కాబట్టి, నీళ్ళూ ఐసూ ఆవిరీ ఒకటే పదార్థం కాదా అని పోల్చి చెప్పారు. ఒక ఐసుముక్క అదే క్షణంలో ఆవిరిగా కూడా ఉండదు కదా, మరి కుమారుడు యోర్దాను నదిలో బాప్తిస్మం తీసుకుంటూంటే ఆత్మ పావురంలా దిగి వచ్చిందనీ, అప్పుడే తండ్రి ఆకాశం నుంచి పలికాడనీ మీరే చెప్పారు కదా అన్నాను. ఆయన రెండు రోజులు ఆలోచించి వచ్చి, రేవులో ఐసుపెట్టె మూత తీసి చూడు, ఐసూ నీళ్ళూ ఒకేసారి ఉంటాయి అన్నారు, గెలిచినట్టు నవ్వుతూ.

అక్కడ నా నోరు ఊరుకోలేదు.

"ఉంటాయి అయ్యగారూ. కానీ కరిగిన నీళ్ళలో నానితే రొయ్య పాడైపోద్దని పెట్టె అడుగున బెజ్జం పెట్టి మేం ఆ నీళ్ళు పారబోస్తాం. మీ ముగ్గురిలో ఎవర్ని పారబోస్తారండీ?"

అరుగంతా గొల్లుమంది. ఆయన మొహం నల్లబడింది.

"దేవుణ్ణి ఎగతాళి చేసే నోటికి నా దగ్గర లెక్కల్లేవు. క్షమాపణ చెప్పి కూర్చో, లేదా రేపట్నుంచి రాకు."

పుస్తకాలు తీసుకుని లేచి వచ్చేశాను. "ఒక్క మాటే కదే తల్లీ, తప్పయిపోయిందని అనెయ్," అని నాన్న బతిమాలాడు. మర్నాడు వెళ్ళి, ఎగతాళి చేసినందుకు క్షమించమన్నాను, అడిగినందుకు మాత్రం క్షమాపణ చెప్పనన్నాను. రెండిటికీ చెప్పాలన్నారు ఆయన. వెనక్కి తిరిగాను. ఆ ఏడు లెక్కలు తప్పాను, గంప ఎత్తుకున్నాను, పెడన నుంచి గుడివాడ దాకా నేను చేపలు అమ్మని వీధి లేదు.

ముసలితనంలో, పది తప్పినవాళ్ళకి పెట్టే అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరి, దూరవిద్య పుస్తకాలు చేతికొచ్చాక తెలిసింది, ఆ నీళ్ళూ ఐసూ పోలికని క్రైస్తవ పండితులే ఎప్పుడో కాదన్నారట. దైవత్వం ఒకటి, దాన్ని సంపూర్ణంగా కలిగిన వ్యక్తులు ముగ్గురు అని వాళ్ళ మాట. ఒక లెక్క దైవత్వానిది, ఇంకో లెక్క వ్యక్తులది, కాబట్టి మూడు ఒకటెలా అవుతుందన్న నా చిన్ననాటి వాదన అక్కడ నిలబడదు. ఒప్పుకుంటాను. అయ్యగారి పక్షాన ఆయనకంటే నేనే ఇప్పుడు బాగా వాదించగలను. అయినా, మనిషితనం ఒకటే ఉన్న ముగ్గురిని ముగ్గురు మనుషులంటున్నప్పుడు, దైవత్వం ఒకటే ఉన్న ఈ ముగ్గురిని ముగ్గురు దేవుళ్ళని ఎందుకు అనకూడదో ఇప్పటికీ నాకు తెగలేదు. తెగేదాకా అడుగుతాను.

ఇప్పుడు మా వీధివాళ్ళ ఫోను గ్రూపులో ఎవరి దేవుడి బొమ్మ వాళ్ళు పంపుకుంటారు, ప్రశ్న వేస్తే గ్రూపులోంచి తీసేస్తారు. చేపలవాళ్ళ పిల్ల వేసిన ప్రశ్నకి జవాబు కోసం రెండు రోజులు తల బద్దలుకొట్టుకునే మనిషి మళ్ళీ నాకు తగల్లేదు. నన్ను వెళ్ళగొట్టినవాడూ ఆయనే, నాతో సమానంగా వాదించినవాడూ ఆయనే.

సరే, ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్ళున్నారు. పెడనలో చెల్లెలు. కృత్తివెన్నులో రొయ్యల చెరువుల దగ్గర మరిది. అవనిగడ్డలో వియ్యపురాలు, ఆవిడకి చెప్పకపోతే ఊరుకోదు. ఆవేళ అరుగు మీద అందరికంటే గట్టిగా నవ్వి, మర్నాడు మాత్రం నా వైపు చూడకుండా లెక్కలు చేసుకున్న స్నేహితురాలు. తరవాత అయ్యగారు. తొంభై దగ్గరపడ్డాయి, చెవులు సరిగా వినపడవట.

గట్టిగానే అడుగుతాను.