మద్దిలేటి కళ్లారా చూసినది

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే మద్దిలేటికి తన జ్ఞాపకశక్తి మీద ఉన్నంత గురి దేవుడి మీద కూడా లేదు. పెళ్లికాక ముందు చెక్కిన విగ్రహంలో ఏ వేలు వంకరపోయిందో ఇప్పటికీ చెబుతాడు. అడగకపోయినా చెబుతాడు, అదే బాధ.

ఒక మధ్యాహ్నం అతను షెడ్డులో గోనెసంచుల మీద కునుకు తీస్తుండగా, గుడికి పంపాల్సిన నంది కొమ్ము విరిగిపడింది. లేచేసరికి పక్కన జకరయ్య నిలబడి ఉన్నాడు. మీసాలు రాని వయసు నుంచీ కలిసి రాయి కొట్టిన జోడీ వాళ్లది. తాను తాకనేలేదన్నాడు జకరయ్య. మద్దిలేటికి అనుమానం పోలేదు.

నంద్యాలలో హిప్నాటిజం చేసే ఒకాయన మనసు అడుగున పడినవన్నీ పైకి తీస్తాడని విని బస్సెక్కాడు. వెళ్లీవెళ్లగానే అనుమానమంతా కక్కేశాడు. ఆయన కళ్లు మూయించి, మెత్తటి గొంతుతో మొదలుపెట్టాడు. కునుకు మధ్యలో ఒకసారి కళ్లు తెరిచారు కదా, నంది పక్కన ఉన్నది జకరయ్యేనా? కుడిచేతిలో సుత్తి ఉందా? పైకెత్తాడా? మొదట అంతా చీకటే. అడగ్గా అడగ్గా సుత్తి లేచింది, కొమ్ము మీద పడింది.

తిరిగొచ్చి పనివాళ్లందరి ముందూ నిలదీశాడు.

“నా కండ్లతో సూసినాప్పా. నువ్వే కొట్నావ్.”

జకరయ్య ఉలుల సంచి భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

మద్దిలేటి భార్య రామేశ్వరమ్మకు మాత్రం నమ్మకం కుదరలేదు. ఎట్లా కొట్టాడో చూపించమంది. రాయి ముట్టేముందు బొమ్మ గీసుకునే మనిషికి చూపించడమంటే గీయడమే. సుద్దముక్కతో బండ మీద నందినీ, జకరయ్యనూ, లేచిన సుత్తినీ గీశాడు. గీత ఎక్కడా తడబడలేదు. గీసి వెనక్కి జరిగి చూసుకున్నాడు. సుత్తి కుడిచేతిలో ఉంది. జకరయ్యది పుట్టు ఎడమచేతివాటం. కుడిచెయ్యి అన్నది నంద్యాల ఆయన.

అప్పుడు వెళ్లి విరిగిన కొమ్ము చేతిలోకి తీసుకున్నాడు. కళ్లారా చూశానన్నవాడికి అంతవరకూ దాన్ని చూడాలనే తోచలేదు. లోపల ఎర్రమట్టి పట్టిన పాత చీలిక, రాయి గనిలో ఉన్నప్పటిదే; కొమ్ము దానంతటదే ఊడింది. మద్దిలేటికి తల కొట్టేసినట్లయింది.

మర్నాడు అదే పనివాళ్లను వెంటబెట్టుకుని జకరయ్య ఇంటికి నడిచాడు. నిలదీసిన గొంతుతోనే, నంద్యాలలో కళ్లు మూసుకుని తాను చూసింది అబద్ధమని అందరూ వినేలా చెప్పాడు. జకరయ్య గడప దాటి అతని దగ్గరికి వచ్చాడు.

“ఇంగా కనపడ్తాందా?”

“కనపడ్తాంది. ఇప్పుడు గూడా నువ్వు కొడ్తానే ఉండావ్. పోయేట్టు లేదు.”

“మరి?”

“కనపడనీలేప్పా. నిన్ను నమ్ముతా, దాన్ని నమ్మను.”

జకరయ్య లోపలికి వెళ్లి ఉలుల సంచి తెచ్చుకున్నాడు.