కోడి కూయని పదకొండు సాయంత్రాలు

అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసే ఆశమ్మకు సెల్‌ఫోను ఖర్చు నెలకు పది రూపాయలు. హాస్టల్లో ఉన్న అరవై మంది ఆడపిల్లలూ ఈ మాట మొదట నమ్మలేదు. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలు వాళ్లు. ఒక్కొక్కరికి నెలకు నూటయాభై, రెండు వందలు ఫోనుకే పోతాయి. "గింత తక్కువ ఎట్లక్కా?" అని అడిగితే ఆశమ్మ చపాతీ కర్ర ఆపకుండానే, "నోరు కట్టుకుంటే పైస మిగుల్తది బిడ్డా" అనేది. అని, కాస్త గర్వంగా నవ్వేది కూడా. ఆమెకు గర్వపడడానికి ఇంకేమున్నాయి గనక!

ఆమె మొగుడు హనుమప్ప తాపీ పనికి పూనా పోయి ఆరు నెలలైంది. ఊరు మక్తల్ దిక్కు. కూతురు ప్రేమ అక్కడే సర్కారు హాస్టల్లో చదువుతోంది. ఇద్దరూ రెండు చోట్ల కష్టపడితే తప్ప ఆ పిల్ల చదువు సాగదు. ఆ రోజుల్లో ఇక్కడి సిమ్‌ను వేరే రాష్ట్రంలో వాడితే, వచ్చిన ఫోను ఎత్తినా డబ్బు తెగేది. అందుకని మొగుడూ పెళ్లాం ఒక ఏర్పాటు చేసుకున్నారు. సాయంత్రం పనినుంచి వచ్చి తిన్నాక హనుమప్ప ఫోను చేస్తాడు. రెండుసార్లు మోగించి పెట్టేస్తాడు. అంటే, 'వచ్చిన, తిన్న, మంచిగున్న' అని. ఓ నిమిషమాగి మళ్లీ చేస్తాడు. అంటే, 'నువ్వో?' అని. ఆశమ్మ కట్ చేస్తుంది. 'నేను గూడ మంచిగున్న' అని. అంతే. రోజుకో సంసారం, పైసా ఖర్చు లేకుండా.

ఆశమ్మకు అంకెలు చదవడం రాదు. అందుకని రోజా అనే పిల్ల మొగుడి నంబరుకు కోడి కూత పెట్టి ఇచ్చింది. మిగతా ఏ ఫోను వచ్చినా మామూలు ట్రింగ్ ట్రింగే. సాయంత్రం ఏడున్నరకు వంటింట్లో కోడి కూస్తే, చదువుకునే పిల్లలు "అక్కా, బావ తిన్నడంట" అని మేడమీది నుంచి కేకలు పెట్టేవాళ్లు. రోజంతా పొయ్యి దగ్గర నిలబడి కాళ్లు లాగుతున్నా, ఆ కూత విన్నాక ఆశమ్మకు ఇంకో వంద చపాతీలు చేసే ఓపిక వచ్చేది.

రెండువేల పన్నెండు ఎండాకాలంలో ఒకనాడు కోడి కూయలేదు.

ఏడున్నరకు ఫోనైతే మోగింది గానీ, ట్రింగ్‌మంది. ఆశమ్మ రోజాకు చూపించింది. "తెల్వని నంబరక్కా. ఎత్తకు, తిరిగి చెయ్యకు. మా రూముల ఒకామె ఇట్లనే చేస్తే ఉన్న బ్యాలెన్సంత ఊడ్చుకపోయిండ్రు. వచ్చినప్పుడల్ల కట్ చేసెయ్" అని చెప్పింది రోజా. అప్పట్లో అందరూ చెప్పుకునే మాటే అది. మర్నాడు, పరీక్ష వాయిదా పడిందని ఆ పిల్ల ఊరికి పోయింది.

మొగుడికేమైంది? ఆశమ్మ రెండో నంబరు మీట నొక్కి పట్టుకుంది. అలా పట్టుకుంటే హనుమప్పకు పోయేట్టు రోజా చేసిపెట్టింది. ఫోను స్విచ్ ఆఫ్ చేసి ఉందని ఒక ఆడగొంతు చెప్పింది. తర్వాతి రోజూ అదే. ఆ తర్వాతా అదే. ఎన్నిసార్లు అడిగినా విసుక్కోని, ఎంత ఏడ్చినా జాలిపడని గొంతు అది. దాన్ని చెంప పగలగొట్టాలనిపించింది ఆశమ్మకు.

కీడెంచి మేలెంచమన్నారు. ఆశమ్మ కీడే ఎంచింది, మేలెంచడానికి ఆధారమేదీ దొరకలేదు. కూరగాయల బండి బుగ్గయ్య ఒకనాడు టమాటాలు తూస్తూ, "పూనా దిక్కు ఏదో సెంట్రింగు కూలిందంట, మన పాలమూరోళ్లు పోయిండ్రంట" అన్నాడు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అంటే, వాడికీ తెలియదు. తెలియనప్పుడు నోరు మూసుకోవచ్చు కదా!

భయపడి భయపడి, హనుమప్పను పనికి తీసుకుపోయిన మేస్త్రీ ఈదయ్యకు ఒక పిల్లతో నంబరు నొక్కించి చేసింది. నాలుగు మాటలకే బ్యాలెన్సు సగం పోయింది. "హనుమప్ప నా కాడ లేడమ్మా. వేరే సైటుకు పోయిండు. ఏ సైటో నాకేం తెల్సు? ఒక్క మాట చెప్పి పోవద్దా?" అని కోప్పడి పెట్టేశాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇప్పుడు భయం రెండయింది. చచ్చాడా, వదిలిపోయాడా? వదిలిపోయినా ఫరవాలేదు, బతికి ఉంటే చాలని ఒకనాడు అనుకుంది. మరునాడు, వదిలిపోయేవాడైతే చచ్చినా ఫరవాలేదనుకుంది. ఆ వెంటనే లెంపలేసుకుంది.

ఇంత పరేషాన్‌లోనూ సాయంత్రమైతే ఆ దిక్కుమాలిన ట్రింగ్ ట్రింగ్ మానలేదు. దొంగ వెధవలకు పేదదాని మూడు రూపాయలే కావాలా? ఒకసారి మోగీ మోగకముందే ఆశమ్మ పిండి వేలితో కట్ చేసేది. మళ్లీ వచ్చేది. మళ్లీ కట్ చేసేది. ఆ తర్వాత కోడి కూత కోసం చెవులు రిక్కించుకుని ఉండేది. చపాతీలు మాడుతున్నాయని పిల్లలు గొణిగారు గానీ, మేడమీది నుంచి బావ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

పదకొండో సాయంత్రం ఆమె పెద్ద గిన్నెలో అన్నం గంజి వారుస్తోంది. రెండు చేతులా గుడ్డ, గుడ్డ కింద కాలే గిన్నె. ఉప్పు డబ్బా పక్కన ఫోను మోగింది. కట్ చేద్దామంటే చెయ్యి ఖాళీ లేదు. మోగనిచ్చింది. రెండుసార్లు మోగి ఆగిపోయింది.

గంజి ధారగా పడుతోంది. ఓ నిమిషమయ్యాక ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఆగలేదు. మోగుతూనే ఉంది, ఎవరో గుమ్మంలో నిలబడి జవాబు కోసం చూస్తున్నట్టు.

రెండు మోతలు. ఒక నిమిషం. మళ్లీ మోత. దొంగలకు ఈ లెక్క ఎట్లా తెలుసు?

గిన్నె దబ్బున కింద పెట్టింది. గంజి చింది పాదం కాలింది. ఒక్క అంగలో వెళ్లి ఫోను అందుకుంది, పదకొండు రోజుల అలవాటు కదా, బొటనవేలు దానంతటదే ఎర్ర మీట నొక్కేసింది. ఫోను నోరు మూసుకుంది.

"అయ్యో, నా చెయ్యి ఇరగ!" అని నెత్తి కొట్టుకుంది. తిరిగి చేస్తే ఉన్నదంతా ఊడ్చుకుపోతారన్న రోజా మాట గుర్తొచ్చింది. ఊడ్చుకుపోనీ అనుకుని, ఆఖరున వచ్చిన నంబరుకే పోయేట్టు పచ్చ మీట రెండుసార్లు నొక్కింది.

"ఏమే, ఎందుకు చేసినవ్? ప్రేమకు మంచిగున్నదా?" అన్నాడు హనుమప్ప.

ఆశమ్మకు మొదట ఏడుపొచ్చింది, వెనకే కోపమొచ్చింది. "ఎక్కడ సచ్చినవయ్యా పదకొండొద్దులు! పోన్ల ఎవరో ఆడమనిషి తప్ప నువ్వు పలుకవు. ఈదయ్యనడిగితే పోయిండన్నడు. నేను సచ్చి బతికిన!"

"నేనేడికి పోయిన?" హనుమప్ప బిత్తరపోయాడు. "కూలి ఎక్కువంటే వేరే సైటుకొచ్చిన. ఈడ కొత్త సిమ్ము ఫిరీగ ఇచ్చిండ్రు. పాతది తీసేసి గిదేసిన. ఇట్లయితే ఇంక ఖర్చు తగ్గుతది గద?"

"జర చెప్పొద్దా నాకు?"

"రోజు మోగిస్తనే ఉన్న గద. నువ్వు రోజు కట్ చేస్తనే ఉన్నవ్. మంచిగనే ఉన్నదనుకున్న. ఇంక నేనేమనుకున్ననంటే, మొదటి మోతకే కట్ చేస్తున్నది, నా పోను కోసరం చేతుల పట్టుకొని కూసున్నది అని..."

మాట అక్కడికే తెగింది. ఆశమ్మ బ్యాలెన్సు అయిపోయింది. ఆమె పిండి డబ్బాకు ఆనుకుని కూలబడింది. పదకొండు సాయంత్రాలు ఆమె ఇక్కడ చస్తూ ఉంటే, అక్కడ ఆయన పెళ్లాం బాగుందని నిమ్మళంగా పడుకున్నాడు. ఎవరి మీద కోపం చేసుకోవాలో కూడా తెలియలేదు.

మర్నాడు రోజా తిరిగొచ్చింది. సంగతి విని, "కట్ చెయ్యమన్నది నేనే గదక్కా, నా నోట్ల మన్ను పడ" అని కళ్లనీళ్లు పెట్టుకుని, కొత్త నంబరుకు కోడి కూత పెట్టింది. చిక్కడపల్లిలో ఫోనుకు పది రూపాయలు వేయించుకొస్తానంది. ఆశమ్మ కాలిన పాదానికి పసుపు రాసుకుని పిండి పిసకడానికి కూర్చుంది.

ఏడున్నరకు కోడి రెండుసార్లు కూసి ఆగింది. మేడమీద పిల్లలు చప్పట్లు కొట్టారు. ఓ నిమిషమాగి మళ్లీ కూసింది. ఆశమ్మ చెయ్యి తుడుచుకుని పచ్చ మీట నొక్కింది.

"ఏమైందే? ఎందుకెత్తినవ్?" హనుమప్ప గొంతులో కంగారు.

"ఏం గాలే. తిన్నవా?"

"రెండుసార్లు మోగిచ్చింది గందుకే గద. నా పైసలు కట్ అయితున్నయ్, పెట్టెయ్."

"ఏం కూర?"

అవతల హనుమప్ప ఊరికే దగ్గాడు.

"ఏం కూర తిన్నవని అడుగుతున్న."

"కూరేడిదే," అన్నాడు హనుమప్ప. "ఉల్లిగడ్డ, రొట్టె."

"నిన్న?"

"నిన్న గూడ గదే."

ఆరు నెలలుగా రెండు మోతలు విని, మొగుడు కడుపునిండా తిన్నాడనుకుంటూ వచ్చింది ఆశమ్మ. ఆమె పక్కన అరవై మందికి వండిన ఆలుగడ్డ కూర మూత కింద పొగలు కక్కుతోంది. పెనం మీద చపాతీ మాడుతోంది. ఆమె పొయ్యి కట్టేసింది.

"మొన్న ఏం తిన్నవ్?"

"ఆశమ్మా, పైసలు పోతున్నయే."

"పోనీ. మొన్న ఏం తిన్నవో చెప్పు."