శాఖ లేని మంత్రి

టీవీలో కేంద్ర మంత్రుల ప్రమాణస్వీకారం వస్తుంటే మా ఇంట్లో అందరూ ఎవరికి ఏ శాఖ దక్కిందో చూస్తారు. నేను మాత్రం ఎవరికి ఏదీ దక్కలేదో వెతుకుతాను. నా మీసం నల్లగా, నా కోతలు ఇప్పటికన్నా పొడుగ్గా ఉన్న ఆ రోజుల్లో నేనూ కేంద్రంలో కేబినెట్ మంత్రిగా పనిచేశాను మరి. (నవ్వకండి. కేంద్రమంటే ఢిల్లీ అని నేను అనలేదు. మద్దిలపాలెం బస్సు డిపో వెనక ఒక పెంకుటింట్లో పెరటివైపు గది. విశాఖపట్నానికి అదే కేంద్రమని మా గట్టి నమ్మకం.)

పోర్టులో కాంట్రాక్టరు కింద బస్తాల పని చేసే కుర్రాళ్ళం నలుగురం ఆ గదిలో ఉండేవాళ్ళం. మాలో పెద్దవాడు గోదావరి నుంచి వచ్చినవాడు. తీరిక దొరికితే సర్వీసు పరీక్షలకు చదివేవాడు, వంటా అతనే చేసేవాడు. అందుకని ప్రధానమంత్రి అయ్యాడు. ఇంటి యజమానురాలు రాష్ట్రపతి. "ఇల్లు ఆవిడ పేరున, ఏలుబడి మనది. రాజ్యాంగమంటే అదేనెహె," అని ప్రధాని మాకు విడమరిచాడు. ఆవిడతో తగాదాలు సర్దేవాడు హోంమంత్రి. సైకిలున్న తగరపువలస కుర్రాడు రవాణా మంత్రి. కూర అడగడానికి వచ్చే పక్కగది వాళ్ళు సహాయ మంత్రులు, కేబినెట్ పిలిస్తేనే లోపలికి రావాలి. ఇక నాకు వంట రాదు, సైకిలు లేదు, ఇంటావిడకు నా మొహమే గిట్టదు. ప్రధాని గడ్డం గోక్కుని, "నువ్వు శాఖ లేని మంత్రివిరా," అన్నాడు.

"శాఖే నేకపోతే మంత్రేటి బావా! మరెందుకీడు?" అని రవాణా మంత్రి పడీపడీ నవ్వాడు.

"అలా తీసిపారెయ్యకు. ఎవరి శాఖలోకీ రాని పని పడిందనుకో, ఎవడు చేస్తాడు? ఇదిగో, వీడే."

ప్రధాని మాకు నూరిపోసిన అసలు సూత్రం ఉమ్మడి బాధ్యత. లోపల జుట్టూ జుట్టూ పట్టుకున్నా సరే, గుమ్మం దాటాక అందరిదీ ఒకటే మాట. కాదన్నవాడు రాజీనామా చేసి పోవాలి. ఆ లెక్కన ప్రధాని కాచిన ఉప్పు కషాయాన్ని రాష్ట్రపతి ముందు అమృతంలాంటి పప్పుచారని పొగిడేవాళ్ళం. రవాణా మంత్రి పొగుడుతూనే తన వంతు నా కంచంలో ఒంపేవాడు. ("శాఖ ఎలాగూ కాళీయే, కడుపైనా నిండనీ బావా.") ఆదివారం వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళి మా పరిపాలన అంతా కథలు కథలుగా చెప్పి, ఎండుచేపలు పట్టుకొచ్చేవాడు.

ఒక పొద్దున ఓడలోంచి బస్తాలు ఎత్తుతున్న తాడు తెగింది. కింద ఉన్నది రవాణా మంత్రే. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

వరండాలో ముగ్గురం కూర్చున్నాం. మా ఆఖరి కేబినెట్ సమావేశం అదే. అతనికి తల్లి తప్ప ఎవరూ లేరు. ఆవిణ్ణి తీసుకురావాలి. "పోయాడంటే దారిలోనే ప్రాణం వదిలేత్తాది. దెబ్బ తగిలిందని సెప్దాం," అన్నాడు హోంమంత్రి. ప్రధాని తలెత్తకుండానే, "సరే. అందరిదీ ఒకటే మాట," అన్నాడు. మరి వెళ్ళేదెవరు? హోంమంత్రి గోడవైపు తిరిగాడు. ప్రధాని నావైపు చూశాడు. అది ఎవరి శాఖ అని నేను అడగలేదు.

తగరపువలసలో బస్సు దిగి, గుండె రాయి చేసుకుని, ఆ తల్లి చేతులు పట్టుకుని నిజం చెప్పేశానని ఇన్నేళ్ళుగా అందరికీ చెబుతున్నాను. (వినేవాళ్ళకు కళ్ళు చెమరుస్తాయి. చెప్పి చెప్పి నాకూ.) అలా జరగలేదు. సంత చుట్టూ ఊరికే తిరిగి తిరిగి, చివరికి ఇంటిముందు చేపలు ఎండబెడుతున్న ఆవిడ ఎదుట చేతులు నలుపుకుంటూ నిలబడ్డాను.

"ఎవలు బాబూ?"

"మీవోడి గదిలో ఉంతన్నానమ్మా నాను."

"ప్రధానివేటి?"

"కాదమ్మా."

ఆవిడ మొహం విప్పారింది. "ఓలమ్మా, సెప్పీవోడు! ఏ శాఖా నేని మంత్రివి నువ్వేనా? కూకో, కూకో."

"సిన్న దెబ్బ తగిలిందమ్మా ఆడికి. ఆస్పత్రిలో ఉన్నాడు. నిన్ను తోలుకెల్దామని..." కేబినెట్ మాట దాటలేదు నేను.

చేప ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. నా మొహంలోకే చూస్తూ, "దెబ్బే అయితే ఇంకెవలైనా వచ్చీవోరు," అంది. "ఎవలూ సెయ్యలేని పని పడితేనే నిన్నంపుతారని మావోడు సెప్పినాడు. నా గుంటడు లేడా బాబూ?"

మౌనం కూడా రాజీనామాయేనని ప్రధాని మాకెప్పుడూ చెప్పలేదు.

ఆవిడ ఏడవలేదు. "ఈ సేపలెత్తించు. కాకులెత్తుకుపోతాయి," అంది. ఇద్దరం కూర్చుని గంపలోకి ఏరాం. గంప సగం నిండాక ఆవిడ చెయ్యి ఆగింది. "ఇయ్యి మీ గదికే ఎండెడుతన్నాను," అంది. అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత ప్రధాని పొయ్యి వెలిగించలేదు. పెట్టె సర్దుకుని గోదావరికి వెళ్ళిపోయాడు. ప్రధాని రాజీనామా చేస్తే మంత్రివర్గమంతా పోయినట్టే. అదీ రాజ్యాంగమేనట.

ఇప్పుడు సీతమ్మధారలో మా అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షుడున్నాడు, లిఫ్టుకొకరు, నీళ్ళకొకరు ఉన్నారు. నాకు మాత్రం ఏదీ లేదు. అయినా ఏ ఇంటికైనా నోటితో చెప్పలేని కబురు చేరవెయ్యాల్సి వస్తే అందరూ వచ్చి కొట్టేది నా తలుపే. దాంతో వచ్చిన చిక్కేమిటంటే, నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మం ముందు నిలబడితే చాలు, తలుపు తీసినవాళ్ళ మొహాలు పాలిపోతున్నాయి. అందుకని ఈమధ్య ఏ కబురూ లేకుండానే ఇంటింటికీ వెళుతున్నాను. "ఏమీ లేదమ్మా, కాఫీ కోసం వచ్చాను," అంటాను. (ఇదీ కోతే. కాఫీ డాక్టరు ఎప్పుడో మాన్పించాడు.) ఆ మాట విన్నాక వాళ్ళ మొహాల్లోకి రంగు తిరిగొస్తుంది చూడండి, దాని కోసం వెళుతున్నాను.