కూడితే తొమ్మిది

శ్రీకాకుళం నుంచి పలాస వెళ్లే బస్సులో పక్కసీటామె తన ఒళ్లోని ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

"కంప్యూటర్ సదివినానన్నావు గదా బాబూ, దీని నంబర్ సెప్పు. మా ఆయన పోయి నెలయినాది. ఆయన గొంతు దీన్లోనే ఉన్నాది."

నాలుగంకెల తాళం. ఆయన అలవాట్లు అడిగాను.

"ఏ నంబరైనా కూడితే తొమ్మిది రావాల. బండి నంబరూ అంతే, ఫోన్ నంబరూ అంతే."

నాకు హుషారొచ్చింది. కూడగా కూడగా తొమ్మిది వచ్చేవన్నీ తొమ్మిదో ఎక్కంలోనివే. పదివేల అవకాశాలు చిటికెలో వెయ్యినూట పదకొండుకి దిగిపోయాయి. నా డిగ్రీ అంతకుముందెప్పుడూ అంతగా ఉపయోగపడలేదు.

"అయితే అందులో ఏది బాబూ?" అందామె.

వాటిలో మూడు నొక్కి చూశాను. మూడూ తప్పే. ఇంతలో ఆమె దిగాల్సిన నరసన్నపేట వచ్చేసింది.

"ఇంకెన్నున్నాయేటి?" అంది, ఫోన్‌ని కొంగుతో తుడుచుకుంటూ.

"వెయ్యినూట ఎనిమిది."

"మరేటి, రోజుకొకటి నొక్కుతాను" అని దిగిపోయింది.

మూడేళ్లు పడుతుంది. ఈలోపే అన్ని తప్పులు ఓర్చుకోలేక ఫోన్ తనలో ఉన్నదంతా చెరిపేసుకోవచ్చు. ఆ మాట చెబుదామనే కిటికీలోంచి తల బయటపెట్టాను. బస్సు కదిలింది. ఆమె నవ్వుతూ చెయ్యూపింది.

నేనూ ఊపాను.