కాశయ్య కట్టిన ఫీజు

మణుగూరు బొగ్గుగనిలో పనిచేసే కాశయ్యకు ఇద్దరంటే ప్రాణం. ఒకరు కూతురు మధులత, రెండోది బ్రాందీ. వచ్చే జీతం ఆ ఇద్దరికీ చాలేది కాదు. మధులతను ఇంగ్లీషు మీడియం బడిలో వేసిన ఏడాది భార్య అనంతమ్మ ఒక షరతు పెట్టింది.

"నువ్వు ఎంత తాగితే అంత పైస పిల్ల ఫీజు డబ్బాల వెయ్యాలె. లేకుంటే ఇంట్ల బువ్వ లేదు."

కాశయ్య సంబరంగా ఒప్పుకున్నాడు. తాగడానికి ఇంట్లోనే అనుమతి దొరికింది మరి! షిఫ్టు దిగగానే "పిల్ల ఫీజు కట్టొస్త" అని దుకాణానికి బయల్దేరేవాడు. పరీక్షల నెలలో మరీ కష్టపడి తాగేవాడు. ఫీజు ఎన్నడూ ఆలస్యం చేయని తండ్రి అని బడివాళ్లు శాలువా కప్పితే ఊగుతూనే కప్పించుకున్నాడు.

మధులత ఖమ్మంలో నర్సింగులో చేరిన ఏడాది కాశయ్యకు కడుపునొప్పి వచ్చింది. దవాఖానాలో డాక్టరు చివాట్లు పెట్టేసరికి హడలిపోయి తాగుడు మానేశాడు. డబ్బాలో వేయడమూ మానేశాడు.

"తాగుతలేను గదా, ఇంక ఎయ్యుడేంది?" అన్నాడు.

"అవ్, తాగుతలేవు. అంటే నీ వాటా గూడ మిగిలినట్టే గదా? రెండూ వెయ్యి," అంది అనంతమ్మ.

కాశయ్య ఎటు తిప్పి చూసినా ఆమె మాటలో తప్పు దొరకలేదు. ఆ నెల నుంచి రెండు వాటాలూ వేశాడు. మధులత హాస్టలు ఖర్చుకు ఇబ్బంది లేకపోయింది. ఆయన మాత్రం గనిలో తోటివాళ్ల దగ్గర వాపోయేవాడు.

"తాగినన్నాళ్లు సగం ధరకే తండ్రినైన. ఇప్పుడు పూర్తి ధర పడుతున్నది."